ముహూర్తం చీర, నా గాలి మీటరు

జేబులో పట్టే మీటరుతో ఒక పెళ్లికి ఎసరు పెట్టబోయినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. నమ్మకపోతే మా మామను అడగండి. వద్దులెండి, ఆయనకు బీపీ.

అప్పటికి నేను కొత్త అల్లుణ్ణి. కారు నాకన్నా కొత్తది. టైర్లలో గాలి కొలిచే మీటరు కారుకన్నా కొత్తది. తెల్లారితే హిందూపురంలో మరదలి పెళ్లి. ముహూర్తం చీర ధర్మవరంలో ఆ పొద్దే మగ్గం దిగింది. దాని రవికె గుడ్డ సాయంత్రానికల్లా హిందూపురం టైలరుకు చేరాలి. "నా కారుండగా బస్సెందుకు?" అంటూ మామనూ, మా ఆవిడ వాళ్ల అవ్వనూ ఎక్కించుకుని హిందూపురం నుంచి ధర్మవరం బయలుదేరాను.

డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద టైర్లలో గాలి ముప్పై మూడు ఉండాలని ఉంది. పొద్దున్నే బంకులో సరిగ్గా అంతే పట్టించాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? పెనుకొండలో టీకి ఆగినప్పుడు మళ్లీ కొలిచాను. ముప్పై ఏడు!

"మామా, గాలి పెరిగిండాది! తీసేయల్ల!"

"ఇంత దూరం పరిగెత్తి వచ్చిండాది కదప్పా, వేడికి పెరుగుతాది. చల్లబడితే అదే..."

"నేను ఫోన్లో చదివినా మామా."

"సరే, అల్లుడు చెప్తే కాదంటామా."

కొత్త అల్లుడికి ఎదురు చెప్పకూడదనే నియమం ఎవరు పెట్టారో గానీ, కారున్న అల్లుళ్లను అందులోంచి తీసేయాల్సింది. నాలుగు టైర్లకూ బుస్సుమని గాలి వదిలాను. ధర్మవరం చేరాక మళ్లీ పెరిగింది. మళ్లీ వదిలాను.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?" అంది అవ్వ.

"సరిచేస్తాండా అవ్వా."

"నువ్వు సరిచేసేకొద్దీ కారు కూర్చుంటాండాది!"

గాలి కొలవాల్సింది బండి కదలకముందని, తగ్గేకొద్దీ టైరు నలిగి ఇంకా వేడెక్కుతుందని నాకేం తెలుసు? ఫోన్లో చదివింది సగమే. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. మా ఇంట్లో ఆ శని అల్లుడి మీటరులో కూర్చున్నాడు.

చీర తీసుకున్నాక తిరుగుదారిలో కారు పెళ్లి భోజనం చేసిన పెద్దమనిషిలా ఊగుతూ నడిచింది. పెనుకొండ ఇంకా రానేలేదు, వెనక టైరు ఢామ్మంది.

"భయపడొద్దు మామా, స్టెప్నీ ఉండాది," అన్నాను ధీమాగా.

దించి చూస్తే దాంట్లో గాలి సున్నా. నాలుగు టైర్లనూ గంటకోసారి కొలిచే మహానుభావుడు ఐదోదాన్ని కొన్నప్పటినుంచీ ముట్టలేదు.

మామ చీర సంచి చంకన పెట్టుకుని, అవ్వ చేయి పట్టుకుని, హిందూపురం బస్సు ఆపి ఎక్కేశారు. అవ్వ కిటికీలోంచి అరిచింది: "అల్లుడా, నువ్వు ఆడనే సరిచేస్తా ఉండు, పెళ్లయినాక వస్తాం!"

బస్సులో సగం మంది నవ్వారు. నేను సిగ్గుతో చచ్చాను.

రవికె వేళకు అందింది, నేనూ ఎలాగో చేరాను, పెళ్లి జరిగింది. పెద్దల్లుడికి బట్టలు పెట్టే వేళ మామ తట్ట తెచ్చి అందరి ముందూ నా చేతిలో పెట్టారు. అడుగున పంచె, దాని మీద తమలపాకులు, వక్కలు. అన్నింటికీ పైన, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టిన, టైర్లకు గాలి కొట్టే కాలిపంపు!

ఆ పంపు మీద చేయి వేసి, పురోహితుడి సాక్షిగా ప్రమాణం చేశాను: వేడెక్కిన టైరు జోలికి పోను. స్టెప్నీని సవతి బిడ్డలా చూడను. మామ నోరు తెరిస్తే, కారాపి మరీ వింటాను.