ముగ్గురు దేవుళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చిన హాల్ టికెట్లు

మా అమ్మాయి పదో తరగతి చదివిన సర్కారు బడి సారపాక నుంచి అడవి వైపు వెళ్ళే దారిలో ఉంది. పరీక్షలు దగ్గర పడ్డాక హెడ్‌మిస్ట్రెస్ గారికి ఒక ఆలోచన వచ్చింది. పిల్లల హాల్ టికెట్లన్నీ గుడికి పంపి, స్వామి పాదాల దగ్గర పెట్టించి తెప్పించాలని. మా వైపు ఇది కొత్త సంగతేమీ కాదు. పత్రికలో పనిచేసిన రోజుల్లో ఇలాంటి వార్తలు నేనే ఎన్నో రాశాను. పూజారి చేతిలో టికెట్ల కట్ట బాగా కనపడేలా ఫొటో కూడా తీయించాను. పిల్లల్ని ఎవరైనా అడిగారా అన్నది మాత్రం ఎప్పుడూ కనుక్కోలేదు.

ఒక్క గుడికే పంపితే సర్కారు బడికి బాగుండదని స్టాఫ్ రూములో ఎవరో అన్నారట. మేడం న్యాయం తప్పే మనిషి కాదు. పంపడం మానేయకుండా చర్చికీ దర్గాకీ కూడా పంపుదామన్నారు. సోమవారం గుడి, మంగళవారం చర్చి, బుధవారం దర్గా. టైంటేబుల్ వేసి నోటీసు బోర్డుకు అంటించారు.

ముప్పై తొమ్మిది టికెట్లు పోగయ్యాయి. నలభయ్యోది మా ఇంట్లో ఉంది.

"ఎందుకియ్యలేదే?" అన్నాను.

"నన్నడగలే గద డాడీ. ఇయ్యిండ్రి అన్నరు, గంతే."

"అందరిచ్చిండ్రు గద?"

"వాళ్ళనూ అడగలే."

మర్నాడు మేడం ఫోన్ చేసి, అమ్మాయిని తీసుకుని బడికి రమ్మన్నారు. ఒక్క టికెట్ తగ్గితే వంద శాతం రిజల్ట్ ఎలా వస్తుందని ఆవిడ బెంగ. ఆవిడది మధిర వైపు, కోపంలోనూ మాట మెత్తగా ఉంటుంది.

"ఏమ్మా, దేవుడంటే నమ్మకం లేదా?"

"ఉంది మేడం. ఇంట్ల రోజూ దండం పెడ్త."

"మరి టికెట్ ఇవ్వడానికేం?"

"దేవునికి నా మొఖం తెల్సు గద మేడం. హాల్ టికెట్ గూడ సూపియ్యాల్నా?"

అక్కడే ఉన్న అటెండర్ కిటికీ వైపు తిరిగి దగ్గాడు. నేను గోడ మీది చేతులు కడుక్కునే పోస్టరును శ్రద్ధగా చదివాను.

"టికెట్ నాదా, బడిదా మేడం?"

"నీదేనమ్మా."

"మరి నన్నడగాలె గద. అడిగితే ఇద్దునేమో."

మేడం నా వైపు చూశారు. "మీరైనా చెప్పండి సార్."

"ఇంట్ల గూడ గిట్లనే మేడం" అన్నాను. కూతురికి నేను చేసిన సాయం అంతే.

మేడం అడగలేదు. ఒక్కదాన్ని అడిగితే అందర్నీ అడగాలి, టైంటేబుల్ చెడిపోతుంది అన్నారు. కట్ట ముప్పై తొమ్మిదితోనే బయల్దేరింది. "నువ్వు ఫెయిలైతవ్, మమ్మల్ని గూడ ముంచుతవ్" అని క్లాసులో పిల్లలు మా అమ్మాయి బెంచీ ఖాళీ చేశారు. మూడు రోజులు ఒక్కతే కూర్చుంది. పోనీ ఇచ్చెయ్యమన్నాను. నాతో కూడా మాట్లాడటం మానేసింది.

గుడిలో పూజారి పాదాల దగ్గర పెట్టడంతో తృప్తి పడక, పాపం పదో తరగతి పిల్లలు కదా అని పసుపు నీళ్ళు ధారాళంగా చల్లాడు. చర్చిలో ఆ తడి చూసి జాలిపడి, టికెట్లను కొవ్వొత్తుల పక్కన ఆరబెట్టారు. మైనం కారింది. దర్గాలో ముజావర్ తన వంతుగా పన్నీరు చిలకరించాడు.

గురువారం కట్ట విప్పారు. ఫొటోల్లో ముక్కు మిగిలినవాళ్ళకు కళ్ళు లేవు. ఆరుగురు ఒకరికొకరు అతుక్కుపోయి ఒకే అభ్యర్థి అయ్యారు. అటెండర్ ఒకప్పుడు కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసినవాడు. ఒక టికెట్‌ను రెండు వేళ్ళతో నలిపి చూసి తీర్పు చెప్పాడు.

"దేవుళ్ళ తప్పేం లేదు మేడం. ఇది నీళ్ళకాగే కాగితం గాదు. అట్ట మీద తీస్తే ఆగుతుండె."

నెట్ సెంటర్‌లో మళ్ళీ ప్రింట్లు తీయించి, బండి మీద నేనే తెచ్చిచ్చాను. మేడం అన్నిటి మీదా మళ్ళీ సంతకాలు పెట్టి, ముద్ర కొట్టారు. పంచబోతే కొత్త గొడవ. వీటికి పూజ కాలేదు కదా అని కొందరు ఏడుపు మొదలుపెట్టారు. మేడం కుర్చీలో కూలబడి, హాజరు రిజిస్టరు తెరిచారు.

"ఎవరిది ఎక్కడికి పంపాలో ఒక్కొక్కరు చెప్పండి. వద్దంటే వద్దని చెప్పండి."

"మూడు చోట్లకూ, గానీ నీళ్ళొద్దు మేడం."

"నాది మా గూడెంల మా వేల్పు కాడ నేనే పెట్టుకుంట."

"దర్గాకు పంపుండ్రి మేడం, మస్తు వాసనొచ్చింది" అన్నాడు ఒక రైతు కొడుకు.

"నాదెటూ వద్దు. మల్ల తడుస్తది" అంది ముజావర్ కూతురు.

వరస మా అమ్మాయి దాకా వచ్చింది. దాని టికెట్‌కు ఏ చుక్కా పడలేదు కాబట్టి వదిలేస్తారనుకున్నాను. మేడం పెన్ను ఆపి తలెత్తారు.

"నీదేం చేద్దామమ్మా?"

లేచి నిలబడింది. మూడు రోజులుగా సిద్ధం చేసుకున్న జవాబు ఏదో ఉండే ఉంటుంది. చెప్పింది మాత్రం అది కాదు.

"ఆలోచించుకొని రేపు చెప్త మేడం."

క్లాసంతా మూలిగింది. మేడం రిజిస్టరులో దాని పేరుకెదురుగా 'రేపు' అని రాసుకుని, తర్వాతి పేరు పిలిచారు.