ఎడంపక్కకి దిగమన్న గొంతు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మలయ్ దేశంలో సుంగై సిపుట్ అనే ఊరి దగ్గర రబ్బరు తోట కూలీల లైన్ ఇళ్ళలో పెరిగినవాణ్ణి, అలాంటి కథలు బోలెడు విన్నాను, విని నవ్వాను. ఇప్పుడు ఇపో పట్నంలో ఒక ఫ్యాక్టరీలో మెషిన్లు బాగుచేస్తాను. ఎక్కడైనా కొత్త శబ్దం వస్తే ఏ బేరింగో అరిగి ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్ళలో నాకు దొరకని శబ్దం లేదు.

రెండేళ్ళ క్రితం, ఉగాదికి పది రోజుల ముందు విన్నది తప్ప.

నా భార్య సెల్వి. వాళ్ళది తమిళ కుటుంబం. ఇంట్లో మేం ఎక్కువగా తమిళమే మాట్లాడుకుంటాం. నాతో కాపురం చేసి తెలుగు ముక్కలు ముక్కలుగా నేర్చుకుంది, మాట చివర ఇక్కడివాళ్ళందరి లాగే ఒక 'లా' తగిలిస్తుంది. అంతకుముందు ఏడాది ఆమెకి గుండె ఆపరేషన్ అయింది. బాగా నయమైంది, ఇక నడవచ్చని డాక్టర్ చెప్పినా సెల్వి గేటు దాటలేదు. ఎనిమిది నెలలు కిటికీ పక్క కుర్చీలోనే గడిపింది. మేడ మెట్లు ఎక్కాలన్నా చెయ్యి గుండె మీద పెట్టుకునేది.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే కిటికీలోంచి కనిపించే సున్నపురాతి కొండ చూపించి, "ఏంగ, అది ఎక్కుదామా?" అంది. ఏంగ అంటే ఏమండీ.

డాక్టర్‌ని అడిగాను. నెమ్మదిగా వెళ్ళమన్నాడు. ఆదివారం ఏడింటికల్లా బయల్దేరాం.

ఆ కొండ కింద నుంచి పచ్చగా కనిపిస్తుంది. పైకి వెళితే ఎడారే. కురిసిన వాన రాతి పగుళ్ళలోకి ఇంకిపోతుంది, పైన చుక్క నిలవదు. ఎండల నెలల్లో గడ్డి మాడిపోయి, రాళ్ళు కత్తుల్లా తేలి ఉంటాయి. కాలిబాట సగం దూరమే ఉంది. అక్కడ ఆగుదామన్నాను. సెల్వి వినలేదు. ఎనిమిది నెలల తరువాత ఆమె ముఖంలో ఆ వెలుగు చూసి నాకూ ఆపబుద్ధి కాలేదు. తప్పు నాదే.

బాట వదిలి కొండ నెత్తి మీదే నడిచాం. పదకొండయ్యేసరికి ఎటు వచ్చామో తెలియలేదు. ఒక నీళ్ళ సీసా రాళ్ళ మీద పడి పగిలింది, రెండోది ఖాళీ అయింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. సెల్వి ఒక రాయిని పట్టుకుని ఆగిపోయింది.

"ఏటయ్యింది? గుండెల్లో నొప్పేటి?" అన్నాను.

"లేదు లా. కాళ్ళు రావడం లేదు."

ఎదురుగా పొదల మధ్య ఖాళీ, దాని వెనక వెలుతురు కనిపించాయి. నేల చదునుగా ఉన్నట్టుంది, అటే దారి అనుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని అటు నడిచాను.

అప్పుడు ఒక ఆడమనిషి మాట వినిపించింది. అరుపు కాదు, పక్క వంటగదిలోంచి పిలిచినట్టు మామూలుగా. "ఇటు రాకండి. ఎడంపక్కకి దిగండి. నీడ ఉన్నాది."

ఒక్కసారే. ఇద్దరం మారు మాట్లాడకుండా ఎడమకి తిరిగాం.

పది అడుగుల్లో రాతి చీలిక ఒకటి, అందులోంచి చల్లటి గాలి. అరగంట కూర్చున్నాం. సెల్వి ముఖానికి రంగు తిరిగొచ్చింది. చీలిక వెంట చెట్ల వేళ్ళు పట్టుకుని దిగితే, కింద ఒక చైనా తాత కూరగాయల మడి తడుపుతున్నాడు. పైపుతోనే మాకు నీళ్ళు పట్టాడు. పైన ఉన్న ఆవిడ ఎవరని మలయ్‌లో అడిగాను. పైన ఎవరూ ఉండరు, అటు నుంచి మనుషులు దిగడం తనెప్పుడూ చూడలేదు అన్నాడు.

రోడ్డు పక్క కొట్టులో టీ తాగుతున్నప్పుడు సెల్వి అంది, "ఎవరో తమిళ ఆవిడ. మా అమ్మ మాట మాదిరే ఉంది."

"తమిళమేటి? తెలుగు కదా మాటాడింది. 'ఉన్నాది' అన్నది, మన తోటలోవోళ్ళ లాగ."

సెల్వి గ్లాసు కింద పెట్టింది. "ఇడదు పక్కం ఇరంగుంగ, నిళల్ ఇరుక్కు. అదే చెప్పింది."

ఎడంపక్కకి దిగండి, నీడ ఉంది. అవే మాటలు, తమిళంలో.

తరువాతి ఆదివారం కారులో కొండ అవతలివైపుకి వెళ్ళి చూశాను. అక్కడ ఒకప్పుడు రాళ్ళు తవ్విన క్వారీ ఉంది. నేను చదును అనుకున్న చోట కొండ నిలువునా తెగిపోయి ఉంది. పొదలు దాటితే అడుగు పెట్టడానికి నేల లేదు.

ఎండ వల్ల అనుకున్నాను. కానీ ఎండ వల్ల ఇద్దరికీ ఒకే మాటలు వినిపిస్తాయా? ఎవరైనా రెండు భాషల్లో చెప్పారా అంటే, మేం విన్నది ఒక్కసారే.

సెల్వి ఇప్పుడు ప్రతి ఆదివారం ఏదో ఒక కొండ ఎక్కుతుంది, బాట ఉన్నవే. కిటికీ పక్క కుర్చీలో నేను పేపరు చదువుకుంటున్నాను.

మా అమ్మాయి కాలేజీలో చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది గానీ ఇంగ్లీషులోనో మలయ్‌లోనో బదులిస్తుంది. ఇదంతా చెప్పినప్పుడు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మాటలు వెతుక్కుంటూ అడిగింది.

"నాన్నా, అక్కడ నేనుంటే... నాకు ఏ భాషలో ఇనపడతాది?"

ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ చెప్పలేను. కానీ ఆ ప్రశ్న మా అమ్మాయి తెలుగులో అడిగింది.