తెర మూలన దుబాసమ్మ

మా పెద్దక్కను టీవీ కేంద్రంలో అందరూ దుబాసమ్మ అంటారు. వార్తలు వచ్చేటప్పుడు తెర కింది మూలన చిన్న గుండ్రటి చట్రంలో నల్ల చొక్కా వేసుకుని, వినపడనివాళ్ళ కోసం చేతులతో మాట్లాడే మనిషి ఆమే. ఆ విద్య ఆమె ఏ కాలేజీలోనూ నేర్వలేదు. మా అమ్మకు పుట్టుకతో వినపడదు. అమ్మ కుట్టు దుకాణానికి వచ్చినవాళ్ళు నడుము బిగువుగా ఉండాలన్నా, చేతులు వదులుగా ఉండాలన్నా ఆరేళ్ళ అక్కే మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు సైగ అటు చేరవేసేది. ఎవరైనా అమ్మను విసుక్కుంటే ఆ విసుగును మాత్రం మింగేసేది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి నవ్వులపాలైంది. ఎవరో పెద్దాయన పోయినప్పుడు దేశాధ్యక్షురాలు 'దేశమంతా శోకసముద్రంలో మునిగింది' అన్నారు. అక్క ఉన్నదున్నట్టు సముద్రాన్నీ, మునగడాన్నీ చూపించింది. గంట తిరక్కుండా అమ్మ స్నేహితురాళ్ళు నలుగురు దుకాణానికి పరుగెత్తుకొచ్చి ఏ ఊళ్ళు మునిగాయని అడిగారు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. సాయంత్రం అక్కను కూచోబెట్టి గట్టిగానే చీవాట్లు పెట్టింది.

"మాట చూపించకు. మాటలో ఏముందో అది చూపించు" అని సైగ చేసింది.

తొమ్మిదేళ్ళ తర్వాత ఒక ఉదయం, పనివాళ్ళను నది దాటించే లాంచీ తిరగబడింది. రెండు వందల పదకొండు మంది పోయారు. వాళ్ళలో పద్నాలుగు మంది చెప్పుల కర్మాగారంలో పనిచేసే వినపడనివాళ్ళు. మర్నాడు పదింటికి అధ్యక్షురాలు జాతినుద్దేశించి మాట్లాడతారన్నారు. అరగంట ముందు ప్రసంగం కాగితాలు అక్క చేతికొచ్చాయి. రెండో పేజీలో మళ్ళీ అదే శోకసముద్రం.

అక్క ఆ కాగితం పట్టుకుని ప్రసంగం రాసిన కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది. నిద్రలేక ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అది అలంకారం అమ్మా, ప్రసంగాల్లో మామూలే అన్నాడు.

"అలంకారమే సార్. కానీ వినపడని ఆ పద్నాలుగు మంది నిజంగానే మునిగిపోయారు కదా. ఆ ఇళ్ళల్లో నన్ను చూసేవాళ్ళకి మునగడం అని ఎలా చూపించను?"

ఆయన గోడ గడియారం వంక చూశాడు. అధ్యక్షురాలు చూసి చదివే తెరలోకి అంతా ఎక్కించేశామని, ఇక మార్చే వ్యవధి లేదని చెప్పాడు. "మీ చేతులు మీవి. మీకు తోచినట్టు చెయ్యండి" అన్నాడు.

దుకాణంలో అమ్మ మిషను ఆపి టీవీ ముందు కూచుంది. పక్కన నేనున్నాను. ఆ వాక్యం వచ్చినప్పుడు అక్క చేతుల్లో సముద్రం లేదు. ఎదమీద అరచెయ్యి ఆన్చి, ఏదో బరువు పడ్డట్టు భుజాలు కిందికి దించింది. అంతే.

తర్వాత అధ్యక్షురాలు ప్రతి వాక్యాన్నీ ఒకే మాటతో మొదలుపెట్టారు. వాళ్ళు పొద్దున్నే భోజనం డబ్బాలు సర్దుకున్నారు. వాళ్ళు పిల్లల నిద్ర చెడకుండా తలుపు దగ్గరగా వేసి బయల్దేరారు. వాళ్ళు సాయంత్రం వస్తామన్నారు. మొదటిసారి 'వాళ్ళు' అన్నప్పుడు అక్క తన ఎడమపక్క గాలిలో ఒక చోటు చూపించింది. ఆ మాట వచ్చినప్పుడల్లా చెయ్యి అక్కడికే వెళ్ళింది, వెళ్ళిన ప్రతిసారీ ఇంకాస్త నెమ్మదిగా. మూడోసారికి అక్కడ నిజంగానే మనుషులు నిలబడి ఉన్నట్టనిపించింది. చివరికి అధ్యక్షురాలు "వాళ్ళు మనవాళ్ళు" అన్నారు. అక్క రెండు చేతులూ చాచి ఆ చోటునంతా పొదివి పట్టుకుని గుండెలకు చేర్చుకుంది.  అక్క చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి.

అమ్మ తెర వైపు చూపించి, తర్వాత తన కడుపు మీద చెయ్యి వేసుకుంది. నా బిడ్డ అని. ఆ సైగ దుకాణంలో ఉన్న అందరికీ ఒక్కొక్కరికీ విడిగా చేసి చూపించింది.

వారం తర్వాత, లాంచీలో భర్తను పోగొట్టుకున్న ఒకామె అక్కను వెతుక్కుంటూ వచ్చింది. ఆమెకూ వినపడదు. తన గురించి అందరూ మాట్లాడుకుంటున్నారనీ, తనతో ఎవరైనా మాట్లాడింది మాత్రం టీవీలో అక్క ప్రసంగం చూపించిన ఆ ఒక్కరోజేననీ సైగలతో చెప్పింది. అక్క ఆమె చేతులు పట్టుకుంది. కార్యదర్శి కూడా ఫోన్ చేశాడు. ఇకమీదట ప్రసంగం ముందురోజే పంపుతాననీ, చేతులకు లొంగని వాక్యం ఉంటే మొహమాటపడకుండా చెప్పమనీ అన్నాడు.

నెల తిరిగాక రేవులో సంతాపసభ జరిగింది. అక్కను వేదిక మీద, అధ్యక్షురాలి పక్కనే నిలబెట్టారు. ముందు వరసల్లో ఆ పద్నాలుగు కుటుంబాలు కూచున్నాయి. నేను వెనకెక్కడో జనంలో ఇరుక్కుపోయాను. నా పక్కనున్న పెద్దమనిషి నన్నేమీ అడగలేదు. అయినా ఆయన మోచెయ్యి తట్టి చెప్పాను.

"ఆవిడ మా అక్కండి."