అడుగున పన్నెండు తీగలు

మా ల్యాబులో అందరూ అతన్ని తీగల బాబాయ్ అనేవారు. వేడిని కొలిచే సన్నటి తీగల్ని గొట్టాలకు అతికించడం అతని పని. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, వెంట్రుకంత తీగని ఒక్క కరెంటు మెరుపుతో గొట్టానికి అంటించేవాడు. లాగినా ఊడేది కాదు. ఆ విషయంలో కాస్త పొగరు కూడా ఉండేది. ఉండనీ, తప్పేముంది? స్టోరు నాది. తీగ చుట్ట కోసం వచ్చిన ప్రతిసారీ "ఇది పాత సరుకులా లేదయ్యా" అని నసిగేవాడు. అదే నాకు ఒళ్లుమంట. అరవై దాటాక ఏడాదికోసారి పడే కొనసాగింపు సంతకం మీద నెట్టుకొస్తున్నాడు.

రెండేళ్ల క్రితం మేడమ్ వచ్చింది. మేడమ్ అంటే పట్టుమని ముప్పై రెండేళ్లు లేని పిల్ల. ఆమె పని కార్బన్ డయాక్సైడ్‌తో. సోడాలో బుడగలుగా ఉండేదే. దాన్ని గట్టిగా నొక్కి కాస్త వేడి చేస్తే అటు ద్రవమూ కాదు, ఇటు వాయువూ కాదు. ఆవిరికి బదులు దాంతో టర్బైన్ తిప్పితే చిన్న యంత్రంతోనే బోలెడు కరెంటు తీయొచ్చట. అయితే గొట్టం గోడ ఎంత వేడెక్కుతుందో ముందే తెలియాలి. లేకపోతే గోడ మాడి గొట్టం పగులుతుంది. మేడమ్ అందుకు ఒక లెక్క కట్టింది. అది సరిచూడడానికే షెడ్డులో అడ్డంగా పరిచిన గొట్టం, దానికి పన్నెండు తీగలు.

లెక్క కుదరలేదు. తీగలు చూపించేదానికన్నా గోడ అరవై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలని లెక్క చెప్పేది. మళ్లీ కట్టింది. మళ్లీ అంతే. పనులు సమీక్షించే కమిటీలో తలో మాటా అన్నారు. "తీగలు అబద్ధం చెప్పవు కదమ్మా" అని డైరెక్టరుగారు నవ్వుతూనే అన్నారు. నెలాఖరుకు కుదరకపోతే పని మూసేయమన్నారు.

ఒక సోమవారం లీకు సరిచేయడానికి బాబాయ్, వేడి బయటికి పోకుండా గొట్టానికి చుట్టిన గాజుదూది విప్పాడు. అడుగున దూది కొత్తదానిలా పసుపుపచ్చగా ఉంది. పైన మాత్రం ఈ చివర నుంచి ఆ చివరిదాకా మాడిన చార. విప్పినవాడు విప్పినట్టే చతికిలబడ్డాడు. తీగలు పన్నెండూ అడుగునే అతికించాడు మరి! డ్రాయింగులో ఏవైపో రాయలేదు, ఇతనూ అడగలేదు. ముప్పై ఏళ్లు నీళ్ల లైన్ల మీద పనిచేసిన మనిషి. గొట్టం సగమే నిండినా నీళ్లు అడుగునే ఉంటాయి కాబట్టి కొలత అక్కడే తియ్యమని పని నేర్పిన మేస్త్రీ చెప్పాడు. ఈ కార్బన్ డయాక్సైడ్ వరస వేరు. వేడెక్కినది తేలికై పైకి చేరుతుంది. అక్కడ చేరి, పైగోడలోని వేడిని సరిగ్గా లాక్కోదు. అడుగున ఫరవాలేదు, పైన పెనం.

నా దగ్గరికొచ్చి గుట్టుగా చెప్పాడు.

"నోరు మూసుకుని ఊరుకో" అన్నాను. "వచ్చే వారం నీ కాగితం మీద సంతకం పడాలి. ఎవరడిగారు నిన్ను?"

"ఆ పిల్ల తన లెక్కే తప్పనుకుంటోందయ్యా."

"అనుకోనీ. ఇంకోటి కట్టుకుంటుంది. చదువుకుంది కదా!"

నేనే అన్నాను ఆ మాట. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎనిమిది రోజులు ఊరుకున్నాడు. మేడమ్ ఎదురైతే పక్కకు తప్పుకునేవాడు. తొమ్మిదో రోజు ఆమె స్టోరుకొచ్చి ఖాళీ అట్టపెట్టెలు అడిగింది, పుస్తకాలు సర్దుకోవడానికి. లెక్క తప్పని ఒప్పుకుంటూ ఉత్తరం ఇచ్చేసిందట. బాబాయ్ అక్కడే ఉన్నాడు, చేతిలో తీగ చుట్టతో.

"పెట్టెలొద్దమ్మా" అన్నాడు. "నీ లెక్క తప్పు కాదు. నేనే పైన కొలవలేదు."

అంతా చెప్పాడు. ఆమె ముఖం కందిపోయింది.

"ఎప్పుడు తెలిసింది బాబాయ్?"

"కిందటి వారం. సోమవారం నాడు."

"నేను ఉత్తరం ఇచ్చింది నిన్న. నిన్న!" అని అరిచింది. తరువాత అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. మా ఇద్దరికీ తలెత్తే మొహం లేదు.

కమిటీ ముందు అతనే నిలబడి చెప్పాడు, మాడిన దూది చేత్తో పట్టుకుని. ఉత్తరం వెనక్కిచ్చి, ఇంకో పరీక్షకు ఒప్పుకున్నారు. అతని కాగితం మీద సంతకం మాత్రం పడలేదు. మిగిలిన రోజుల్లో గొట్టం పైవైపున ఇంకో పన్నెండు తీగలు అతికించి వెళ్లిపోయాడు. పరీక్ష ఆ తరువాత నాలుగు రోజులకు జరిగింది.

ఆ మధ్యాహ్నం మేడమ్ స్టోరులోకి వచ్చి, నాకూ వినబడేలా స్పీకరు పెట్టి అతనికి ఫోన్ చేసింది. పైతీగల అంకెలు ఒక్కొక్కటే చదివింది. లెక్క కుదిరింది.

"బాబాయ్, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. కిందవో?"

"కిందవి అవే. రెండేళ్లుగా ఏం చూపించాయో ఇప్పుడూ అదే. ఒక్క డిగ్రీ అటూ ఇటూ కాలేదు."

ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"అయితే అతకడం బాగానే అతికాయన్నమాట" అన్నాడు. "స్టోరాయనతో చెప్పమ్మా, సరుకు మంచిదేనని."

మేడమ్ నా వైపు చూసింది, మాట్లాడమన్నట్టు. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను.