గెడ్డ నీళ్ళు

ఆ రోజుల్లో అరకు వెళ్ళాలంటే ఎడ్లబండే దిక్కు. అనంతగిరి దాటాక బండివాడు ఎడ్లను విప్పితే, నేను దారి పక్క పారే గెడ్డలో చెంబు ముంచుకుని ఒడ్డుకొచ్చాను. అక్కడ రాతిమీద కూర్చున్న ఒక కొండ ఆడమనిషి నా చెంబు వైపు చూసింది.

"ఆ నీళ్ళు తాగీసినావా బాబూ?"

"ఇంకా లేదు."

లేచి వచ్చి, చెంబు లాక్కుని నేలమీద ఒంపేసింది. నాకు ఒళ్ళు మండింది. ఆమె పట్టించుకోకుండా భుజానున్న ఆనపబుర్ర వంచి నా దోసిట్లో చోడి అంబలి పోసింది. ఎవరి వంటో అడగకుండా తాగాను.

"ఇది ఉడికినాది, బయం లేదు," అంది.

"గెడ్డకేమైంది?"

"పై ఊర్లోన వాంతిబేది. నా కడుపున పుట్టిన గుంటకి బియ్యం కడిగిన నీళ్ళలాగ ఎల్లిపోయినాది. కళ్ళు లోపలికి పోయినాయి. తెల్లారీసరికి మరి లేదు."

గెడ్డకేసి చెయ్యి చూపింది.

"దాని గుడ్డలు ఈ గెడ్డలోనే నాను ఉతికినాను. జబ్బు నీళ్ళంట దిగుతాదని తరవాత సెప్పినారు."

బండి కదిలాక వెనక్కి చూశాను. కావడి మోసుకొస్తున్న మనిషొకడు గెడ్డవైపు తిరిగాడు. ఆమె మళ్ళీ రాతిమీంచి లేచింది.