పడమటి పంచలో అమ్మ మూడు రోజులు

మా చిన్నప్పుడు... నెలకు మూడు రోజులు మా అమ్మ ఇంటి పడమటి పంచలో కూర్చునేది. ఈతచాప, సత్తు గిన్నె, సత్తు చెంబు, ఒక దుప్పటి... అంతే సామాను. ఆ మూడు రోజులూ ఎవరినీ తాకకూడదు, పొయ్యి దగ్గరికి రాకూడదు, బావిలో చేద వేయకూడదు. నాలుగో రోజు పొద్దున తలకు పోసుకుని లోపలికి వచ్చేది.

అరవైల మొదట్లో మాట ఇది. కొడవలూరు దగ్గర పల్లె, వరి సేద్యం. అక్కలిద్దరూ అప్పటికే అత్తవారిళ్ళకు వెళ్ళిపోయారు. ఇంట్లో నాయన, నాయన తల్లి అవ్వ, అమ్మ, కడగొట్టుదాన్ని నేను.

అందరూ ఆ మూడు రోజుల్ని అంటు అనేవాళ్ళు. నాకు మాత్రం పండగ! తక్కిన రోజుల్లో అమ్మ ఒకచోట కూర్చోగా చూసింది లేదు. వడ్లు ఉడకబెట్టడం, దంచడం, రుబ్బడం, నీళ్ళు తోడడం... పంచలో ఉన్నప్పుడే ఆమె చేతులు ఖాళీ. నేను మూడడుగుల దూరంలో కూర్చుని నా వాచకం చదివి వినిపించేదాన్ని. ఆమెకు చదువు రాదు. తొలకరి అనో, నురగ అనో చదివితే "ఆ మాట ఇంకోసారి చెప్పు పాపా" అని అడిగి, బెల్లం ముక్కలా నోట్లో ఉంచుకునేది. మాటలకు రుచి ఉంటుందని నాకు తెలిసింది ఆ పంచలోనే...

అయిదో తరగతిలో టీచరమ్మ, ఇంట్లో చూసినవీ విన్నవీ రోజుకు పది వాక్యాలు రాయమంది. నేను ఇరవై రాసేదాన్ని. ఎవరి నోట మంచి మాట వచ్చినా గబుక్కున పుస్తకంలోకి ఎక్కించేసేదాన్ని.

ఆ ఏడే అమ్మకు కీళ్ళనొప్పులు పట్టుకున్నాయి. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు. చేదతాడు పట్టలేక మణికట్టుకు చుట్టుకుని లాగేది. వాన రోజుల్లో సముద్రపు గాలి తిరిగిందంటే మోకాళ్ళకు ఆముదం రాసి, వావిలాకు వేడిచేసి కట్టుకునేది. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిరి పుట్టి, ఆ చలిలోనే రవిక తడిసిపోయేది. అవ్వతో చెబితే "పని చేస్తుంటే అదే పోతాది" అనేది. నాయనతో ఇలాంటివి చెప్పుకునే అలవాటే లేదు.

పంచలో మాత్రం... మధ్యాహ్నం ఎండ ఎటు జరిగితే చాప అటు లాక్కుని, మోకాళ్ళు ఎండకు పెట్టుకుని కూర్చునేది. నాలుగో రోజుకు వేళ్ళు కాస్త మాట వినేవి. ఆ మూడు రోజులూ అరవై దాటిన అవ్వే మూలుగుతూ వంట చేసేది.

ఒకరోజు ఎదురింటి సుబ్బమ్మత్త వచ్చి పంచ పక్కన నిలబడితే, అమ్మ ఆమెతో గుసగుసగా ఏదో చెప్పుకుంది. చాటుగా విన్నాను. ఆ మాట నాకెంత నచ్చిందో! అర్థంకాని ముక్కతో సహా రాసేసుకున్నాను.

ఆ మరునాడు... అవ్వ వసారాలో చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అమ్మ పంచలో ఉంది.

"ఏందే, పొద్దస్తమానం గీకతా ఉండావు? చదువు, ఇందాం" అంది అవ్వ.

నేను నిలబడి రాగం తీసి చదివాను. "సుబ్బమ్మత్తతో అమ్మ ఇట్లా చెప్పింది... ముట్లుడిగి ఆర్నెల్లయింది వదినా. ఎవురికీ చెప్పలా. ఈ మూడు దినాలు గూడా లేకుంటే నేను బతకలేను. కీళ్ళల్లో ఎవురో ఇసక పోసి తిప్పతన్నట్టు ఉండాది."

ఇసక దగ్గర గొంతు పెంచాను... అవ్వ మెచ్చుకుంటుందని.

చేటలో అవ్వ చెయ్యి ఆగింది. "మళ్ళా చదువు" అంది.

మళ్ళీ చదివాను. ఈసారి ఇంకా బాగా చదివాను.

"ఏమే కోడలా! దొంగంటు కూర్చుంటివా?" అవ్వ పంచ వైపు తిరిగి అరిచింది. "ఆర్నెల్లుగా నా చేత వండించుకోని తింటివి గదే మహరాణీ! నాయి మోకాళ్ళు కావా, కొయ్యలా? నాకు ఉడిగినప్పుడు నన్నెవురు కూసోబెట్టినారు?"

ఆ చివరి మాట అంటూ చేటను పక్కకు నెట్టేసింది. అప్పుడు అది కోపమనుకున్నాను...

అమ్మ గోడ పట్టుకుని లేచింది. చాప చుట్టింది. అప్పటికి రెండో రోజే... తలకు పోసుకుని, తడి జుట్టుతోనే బావి దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి గిలక చప్పుడు వినిపించింది.

సాయంత్రం ఆమె కొంగు పట్టుకుని ఏడ్చాను. వంగిన వేళ్ళతో నా కళ్ళు తుడిచి, "ఏడవబాక. ఒక్క తప్పు గూడా లేకుండా చదివినావు పాపా" అంది. అందులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

ఆ తర్వాత అమ్మకు మూడు రోజులు మళ్ళీ రాలేదు. పంచలో కట్టెలు పేర్చారు. పొయ్యి దగ్గర నిలబడి పాఠం చదివితే ఊ కొట్టేది గానీ, ఏ మాటనూ ఇంకోసారి చెప్పమని అడగలేదు. రెండేళ్ళకు అన్నం ముద్ద చేసుకోవడానికి కూడా వేళ్ళు రాలేదు. అయినా తాడు మణికట్టుకు చుట్టుకుని నీళ్ళు తోడుతూనే ఉంది. నేను తోడతానంటే "పో, చదువుకోపో" అనేది.

నా యాభయ్యో ఏట నా కీళ్ళూ పట్టేశాయి. "మెనోపాజ్ అమ్మా, చాలామందికి ఈ వయసులో కీళ్ళు ఇలాగే నొప్పిస్తాయి" అని డాక్టరమ్మ తేలిగ్గా చెప్పేసింది. ఆ ఒక్క ముక్క మా అమ్మకు చెప్పినవాళ్ళు లేరు.

ఇప్పుడు డెబ్బై దాటాయి. మోటారు వచ్చింది, గ్రైండరు వచ్చింది, అంటు పోయింది... మంచిదే. మనవరాలు ఫోనులో తెలుగు రాయడం నేర్పితే, అయిదో తరగతి పిల్లలా మళ్ళీ మాటల వెంట పడ్డాను. ఈ కాస్త రాయడానికి నా వేళ్ళకు మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ కూర్చునే ఉన్నాను... ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగలేదు.

మీ ఇళ్ళలో అమ్మలు ఏ సాకు చెప్పి నడుం వాల్చేవాళ్ళో గుర్తుంటే రాయండి... వాళ్ళు బతికి ఉంటే మాత్రం, ముందు వాళ్ళనడిగి రాయండి.