ప్రెస్ మామ పంపిన ప్రూఫులు

ప్రెస్ మామ పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను లోకల్ ట్రైన్‌లో ఉన్నాను. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు అట్లాగే ఉండిపోయాడట. అంతా చెప్పాక ఆమె అంది: "అక్కా, బాపు లాప్‌టాప్ నీకే ఇయ్యమన్నడు. ప్రూఫులు సదివిందా అని మొన్న గూడ అడిగిండు."

చదవలేదు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. దాదర్‌లో దిగి ఆఫీసుకు పోవలసినదాన్ని, దిగకుండా బైకుల్లా దాకా పోయి, అక్కడినుంచి కామాటిపురాకు నడిచాను.

మా చాల్‌లో, వరసగా ఒంటిగది ఇళ్ళున్న ఆ పాత బిల్డింగులో, ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఫాక్‌లాండ్ రోడ్డుకు పోయే గల్లీలో ఒక తెలుగు ప్రెస్సు ఉండేది. పెళ్ళి కార్డులు, చావు కార్డులు, బోనాల కరపత్రాలు అచ్చు వేసేవాళ్ళు. మామ అందులో కంపోజిటర్, సీసం అక్షరాలు పేర్చేవాడు. ప్రెస్సు మూతపడ్డాక వర్లిలో ఒక ఆఫీసు బిల్డింగుకు వాచ్‌మేన్‌గా పోయాడు. పని మారింది గానీ పిలుపు మారలేదు.

నేను చదివింది మరాఠీ బడిలో. నాకు తెలుగు వచ్చిందంటే అది మామ అరచేతిలో పెట్టిన సీసం అక్షరాల వల్లనే. అచ్చు అక్షరం తలకిందులుగా, ఎడమది కుడిగా ఉంటుంది కదా, నేను మొదట నేర్చుకున్న 'అ' కూడా అట్లాంటిదే. పలక మీద అన్నీ తిరగేసి రాసేదాన్ని. అమ్మకు కోపం వచ్చింది.

"పిల్లకు ఉల్టా సదువు నేర్పుతున్నవేందన్నా?"

"కాయితం మీద పడ్డంక సీదా అయితదమ్మా. ఉల్టా సదవొచ్చినోడే సీదా అచ్చేస్తడు."

అది ఎంతవరకు నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన గట్టిగా నమ్మిన మాట వేరొకటి ఉంది. "సొంత కన్నుకు సొంత తప్పు కనవడది. రెండో కన్ను సూడాలె." ప్రెస్సులో ఎంత చిన్న కార్డైనా, ఎంత తొందర ఉన్నా, కంపోజ్ చేసినవాడు కాక ఇంకొకరు ప్రూఫు చదివి సంతకం పెట్టందే మిషను ఎక్కేది కాదు. పదేళ్ళ వయసులో ఆ సంతకాలు కొన్ని నేనూ పెట్టాను. ఒకసారి పెళ్ళికొడుకు ఊరిపేరులో తప్పు పట్టినప్పుడు మామ నన్ను మిషను పక్కన స్టూలెక్కించి, "సూడుండ్రి, మా ప్రూఫ్‌రీడర్," అని అందరికీ చూపించాడు.

చాల్ పడగొట్టి టవర్ కడతారన్న మాట ఖాయమయ్యాక ఒక ఆదివారం ఆయన, అమ్మా నేనూ చాల్ వదిలి మారిన ఇంటికి వచ్చాడు. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో మాన్యువళ్ళు రాస్తాను. నా కంప్యూటర్‌లో, ఆర్డర్లు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి ఉంది. వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"బొమ్మల్లేవ్, గుండీల్లేవ్. ఒట్టి అక్షరాలే కొడుతున్నవ్."

"ఇట్ల ఆర్డర్ రాస్తే అది పని చేస్తది మామా."

"మరి గిది కంపోజింగే గద."

ఆయనకు కావలసింది ఒక వెబ్‌సైటు. ఖోలీకి, అంటే చాల్‌లో ఒక్కో గదికి, ఒక పేజీ. ఆ ఖోలీలో ఎవరు ఉన్నారు, పాలమూరు జిల్లాలో ఏ ఊరినుంచి వచ్చారు, ఈ నగరంలో ఏ గోడ కట్టారు, అంతే. అందరూ వాడే బ్లాగు ఒకటి తెరిచి ఇచ్చాను. మౌసు పట్టుకుంటే ఆయన చేయి వణికేది. కీబోర్డు మీద మాత్రం వణకదు. అప్పుడు నేను ఆఫీసులో వాడే పద్ధతే చెప్పాను. ప్రతి పేజీనీ మామూలు అక్షరాల ఫైలుగా రాసుకోవాలి. నల్ల కిటికీలో ఒక ఆర్డర్ కొడితే ఆ ఫైళ్ళన్నింటినీ కలిపి వెబ్‌సైటు మొత్తాన్ని మొదటినుంచి తయారు చేస్తుంది. ఎవరో చూడడానికి వచ్చినప్పుడు అప్పటికప్పుడు పుట్టే పేజీలు కావు ఇవి. ముందే అచ్చయి ఉంటాయి.

"సమజైంది," అన్నాడు. "అడిగినంక వండే హోటల్ గాదు, ప్రెస్సు."

తన లాప్‌టాప్ కీల మీద తెలుగు అక్షరాలు రాసిన కాగితం ముక్కలు అంటించుకుని, ఏ గడిలో ఏ అక్షరమో వారంలో చేతికి తెచ్చుకున్నాడు. రెండు ఆర్డర్లు నేర్చుకున్నాడు. ఒకటి అచ్చుకు, ఒకటి ప్రూఫుకు. ప్రూఫు ఆర్డర్ కొడితే ఆ సైటు ఆ ఒక్క కంప్యూటర్‌లోనే కనిపిస్తుంది, లోకానికి కనబడదు. ఆ కిటికీ తెరిచి ఉన్నంతసేపు మార్పుల కోసం చూస్తూ ఉంటుంది. ఫైలులో ఒక కామా మార్చినా పేజీని మళ్ళీ తయారు చేస్తుంది. మామకు అది తెగ నచ్చింది. "గిది గూడ నా లెక్క వాచ్‌మేనే. ఎవ్వడు రాకున్నా కండ్లు మూయదు."

ఏడు పేజీలు అచ్చయ్యాయి. ఎనిమిదోది వేసిన రోజు ఫోన్ చేశాడు. "బిడ్డా, ఏడు ఖోలీలు పోయినయ్."

వెళ్ళి చూస్తే సైటులో ఒక్క పేజీయే ఉంది. మొదటి ఏడు ఫైళ్ళనూ ఆయనే తీసేశాడు. జాగా కోసం కాదు, చేయి జారి కూడా కాదు. ప్రెస్సులో అచ్చయిన ఫారాన్ని, అంటే పేర్చి బిగించిన అక్షరాల చట్రాన్ని, విప్పి అక్షరాలను తిరిగి గళ్ళలో వేయాలి. లేకపోతే తర్వాతి పనికి అక్షరాలు ఉండవు. పొద్దున చావు కార్డులో నిలబడిన అక్షరాలే మధ్యాహ్నం పెళ్ళి కార్డులో నిలబడేవి. అన్నేళ్ళు చేసిన పని అది. అచ్చయింది కాబట్టి విప్పేశాడు.

"ఇక్కడ విప్పగూడదు మామా. ప్రతిసారీ వీటి నుంచే అన్నీ మళ్ళీ తయారైతయి. అక్షరాలు ఐపోవు."

"ఎన్నటికీ?"

"ఎన్నటికీ."

మామ చేతిరాత నోటుబుక్కు తీసి, ఏడు ఖోలీలను మొదటినుంచి మళ్ళీ కంపోజ్ చేయడానికి కూర్చున్నాడు. "విప్పని ఫారం," అని తనలో తానే రెండుసార్లు అనుకున్నాడు. ఆ మాటలో సంతోషం ఉందనుకున్నాను అప్పుడు. ఇప్పుడైతే అది నమ్మలేకపోవడమేమో అనిపిస్తుంది.

రెండో కన్ను నియమాన్ని ఇక్కడా వదల్లేదు. ప్రతి ఫైలుకూ పైన ఒక లైను ఉంటుంది, ఇది ఇంకా డ్రాఫ్టే అని చెప్పేది. ఆ లైను ఉన్నన్నాళ్ళు పేజీ బయటికి పోదు. ముందు ఆ ఖోలీవాళ్ళు వినాలి, తర్వాత నేను చదవాలి, అప్పుడే ఆయన ఆ లైను తీసేవాడు. పదిహేడో ఖోలీ అవ్వకు పేజీ చదివి వినిపించిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె భర్త సిమెంటు తట్టలు మోసి మిల్లు గోడ కట్టాడని మామ రాశాడు.

"సిమెంటు మోసిండని ఎవడు జెప్పిండ్రా నీకు? మోసింది నేను. ఆయన పక్కన కూసోని బీడీ తాగిండు. గది రాయ్."

"రాస్త గని అవ్వా, నీ పెనిమిటి నా మీదికి కొట్లాటకొస్తే?"

"రానీ. సచ్చి పదేండ్లాయె, జర మాట్లాడి పోతడు."

మామ అక్కడికక్కడే దిద్దాడు. బీడీ సంగతి కూడా ఉంచాడు. సైటులో ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

పదకొండు పేజీలు అట్లా బయటికి వచ్చాయి. "ఎవరన్న సూస్తుండ్రా?" అని అడిగేవాడు. "సూస్తుండ్రు మామా," అనేదాన్ని. చూసింది మేమిద్దరమే. చాల్ పిల్లలు మరాఠీలోనో హిందీలోనో తప్ప చదవరు. ఆయన కూతురికే తెలుగు చదవడం రాదు. అబద్ధం చెప్పి ఆయనతో పని చేయించానా, సంతోషపెట్టానా అన్నది తేల్చుకోలేను.

తర్వాత చాల్ ఖాళీ అవడం మొదలైంది. మామ తొందర పడ్డాడు. పదిహేడో ఖోలీ అవ్వ ధారావిలో కూతురింటికి పోయింది, అక్కడే చనిపోయింది. ఇంకొకరు ఊరికి వెళ్ళిపోయారు. ఎవరూ ఎక్కడికీ పోకముందే వాళ్ళ పేజీ రాసేయాలని, వినిపించడం పక్కన పెట్టి, పందొమ్మిది ప్రూఫులు ఒక్కసారే పంపాడు. నాకు ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. అది నిజమే, కానీ కారణం అది కాదు. ఒక పేజీ చదివితే ఆ ఖోలీవాళ్ళను వెతకాలి, అడగాలి, దిద్దాలి. ఎవరూ చదవని దానికి ఇంత దేనికి అనుకున్నాను. మనసులో ఆ మాట నిజంగా అనుకున్నాను. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే ఆదివారం అన్నాను. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "తొందరేం లేదు బిడ్డా. ఫారం యాడికి పోతది," అన్నాడు.

ఎనిమిది నెలలు.

ఆయన పెద్దకర్మ అయిన మర్నాడు కూతురు లాప్‌టాప్ తెచ్చి ఇచ్చింది. "నాకు సదవ రాదక్కా. బాపు ఏం రాసిండో నువ్వు సదివి జెప్పు." ప్రూఫు ఆర్డర్ కొట్టి, డ్రాఫ్టులు కూడా కనిపించేట్టు చేసి, పందొమ్మిదీ ఆమెకు చదివి వినిపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అక్కడక్కడ ప్రశ్నలు వదిలాడు మామ. ఇది నిజమేనా, ఈ ఊరు మక్తల్ దగ్గరా నారాయణపేట దగ్గరా, ఈమెను అడగాలె, ఈయన్ను అడగాలె. అడగవలసిన వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళు ఎక్కడున్నారో తెలిసిన మనిషి ఆయనొక్కడే.

చివరిది ఇరవై రెండో ఖోలీ. మాది.

అందులో అమ్మ ఉంది. రోడ్డు పనిలో కంకర మోసిన అమ్మ, ఉల్టా చదువని కోప్పడిన అమ్మ. మధ్యలో ఒక లైను: "పెండ్లి గాక ముందే బొంబాయికి ఒచ్చింది. ఎవరి ఎంట ఒచ్చింది, ఎందుకొచ్చింది? బిడ్డను అడిగి రాయాలె."

నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు. ఆ ప్రూఫు నాకు చేరిన రోజున అమ్మ మా ఇంట్లోనే, వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉండి ఉంటుంది. ఆ వానాకాలంలో పోయింది. ప్రూఫు తెరిచి, తలెత్తి, అమ్మా అని ఒక్క మాట అడిగితే అయిపోయేది.

మామ కూతురు నా ముఖం చూసి, "ఏం రాసిండక్కా?" అంది.

"మా అమ్మను అడగమని రాసిండు."

ఆమె లాప్‌టాప్ నా దగ్గరే ఉంచి వెళ్ళిపోయింది.

ఆ డ్రాఫ్టు లైను తీసేయడం ఒక్క క్షణం పని. పందొమ్మిది ఫైళ్ళలో తీసి అచ్చు ఆర్డర్ కొడితే సగం అబద్ధమో, ముప్పాతిక నిజమో, అన్నీ లోకంలోకి పోతాయి. తీయలేదు. రెండో కన్ను చూసింది కానీ సంతకం పెట్టడానికి దానికి ఏమీ తెలియదు. ఆయన నియమం పాటిస్తున్నానా, లేక అదే నియమాన్ని అడ్డం పెట్టుకుని ఆ ఎనిమిది నెలలనే ఇంకా సాగదీస్తున్నానా, అదీ చెప్పలేను. చాల్‌లో తలుపులు, కిటికీలు పీకేశారు. ఇరవై రెండో ఖోలీ గోడ మీద అమ్మ దీపం పెట్టిన చోట మసి మాత్రం ఉంది. అది కూడా వానాకాలం దాకానే.

లాప్‌టాప్ వంటింటి బల్ల మీద ఉంది. 'మ' కీ మీది కాగితం ముక్క ఊడి నా వేలికి అంటుకుంటే మళ్ళీ అదే చోట నొక్కి పెట్టాను. ఆ కిటికీ మూస్తే, ఫైళ్ళు ఉన్నా, పందొమ్మిది ఖోలీలూ తెర మీంచి మాయమవుతాయని తెలుసు కనుక మూయలేదు. నల్లటి తెర మీద చివరి లైను కింద ఆ చిన్న గీత ఆరిపోతూ వెలుగుతూ ఉంది. మార్పుల కోసం చూస్తోంది.